ఫొటోలతో నేల కోత కొలిచాం: మే నుంచి నవంబర్ దాకా మా అనుభవం

మొదటి పెద్ద వాన పడ్డ మూడో రోజు తీసిన ఫొటోలు హెక్టారుకు 175 టన్నుల మట్టి పోయిందని లెక్క చూపించాయి. అదే ప్లాటు కింద పెట్టిన డ్రమ్ముల్లో చేరిన మట్టిని ఆరబెట్టి తూస్తే హెక్టారుకు 3.2 టన్నులే తేలింది. ఈ రెండు అంకెలకీ మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోవడానికి మాకు నెలన్నర పట్టింది. ఈ పనికి దిగేవాళ్లకి ఆ నెలన్నరైనా మిగలాలని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చోటు అనంతపురం జిల్లాలో ఒక రైతు పొలం. ఎర్ర గరప నేల, 3 శాతం వాలు, ఏటా వేరుశనగ. మాకు కావలసింది ఒక్కటే. నేల కోతను అంచనా వేసే ఆర్‌యూఎస్‌ఎల్‌ఈ సూత్రంలో వాలు పొడవు ప్రభావం ఎంతన్నది ఒక ఘాతం మీద ఆధారపడుతుంది. మొత్తం కోతలో నీరు చీల్చే చిన్న చిన్న పాయల వాటా ఎంత, పలచగా పొరలా పోయేదెంత అన్న నిష్పత్తి నుంచి ఆ ఘాతం వస్తుంది. సూత్రం ఆ నిష్పత్తిని వాలును బట్టి ఊహించుకుంటుంది. పాయలను ఫొటోల్లో కొలవవచ్చు కాబట్టి, ఊహ స్థానంలో మా నేల కొలత పెట్టాలన్నది మా ఉద్దేశం.

మే 18న ప్లాట్లు వేశాం. ఒక్కొక్కటి 22 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, అంటే 88 చదరపు మీటర్లు. 22 ఎందుకంటే ఈ సూత్రాలకు ప్రామాణికమైన ప్లాటు పొడవు 22.13 మీటర్లు. (ప్రామాణిక వాలు 9 శాతం. మా పొలంలో అంత వాలు లేదు, దాన్ని లెక్కలో సర్దుకోవాల్సిందే.) మొదటి ప్లాటులో పైరు లేదు, దుక్కి దున్ని వదిలేశాం. రెండోదాంట్లో వాలు వెంబడి వేరుశనగ, మూడోదాంట్లో వాలుకు అడ్డంగా వేరుశనగ. చుట్టూ 30 సెంటీమీటర్ల జీఐ రేకులు సగం పూడ్చి పాతాం. కింది అంచున తొట్టి, దాని కింద రెండు 200 లీటర్ల డ్రమ్ములు. మొదటి డ్రమ్ము నిండాక పొర్లే నీరు ఏడు సమానమైన గాళ్లలోంచి పోతుంది, ఒక గాడి నీరు మాత్రమే రెండో డ్రమ్ములో పడుతుంది. రెండో డ్రమ్ములో చేరినదాన్ని ఏడుతో గుణించాలి. ఈ గాళ్లు ఒకే మట్టంలో లేకపోతే లెక్కంతా తప్పుతుంది. ప్రతి వాన తర్వాతా స్పిరిట్ లెవెల్ పెట్టి చూసుకున్నాం. రెండుసార్లు డ్రమ్ము కుంగి గాళ్లు పక్కకు వాలాయి.

మే 24న గుర్తుల కడ్డీలు పాతాం. ప్లాటుకు 12. ఒకదాని మీద ఒకటి పడే ఫొటోల నుంచి సాఫ్ట్‌వేర్ నేల ఎత్తులు లెక్కకట్టేది ఈ గుర్తుల ఆధారంగానే. ఫొటోల పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనవి ఇవే, అందరూ తొందరపడేదీ ఇక్కడే. 60 సెంటీమీటర్ల ఇనుప కడ్డీ, చుట్టూ కాంక్రీటు, పైన 15 సెంటీమీటర్ల టైలు ముక్క, దాని మీద నలుపు తెలుపు గళ్లు. మొదట ఫ్లెక్సు మీద ముద్రించిన గుర్తులు వాడి చూశాం. పది రోజుల ఎండకే అంచులు లేచాయి, పైగా మెరుపు వల్ల ఫొటోలో గళ్ల మధ్య బిందువు తెల్లగా కరిగిపోయింది. మెరుపు లేని పెయింటు వేసిన టైలే నిలబడింది. కాంక్రీటు గట్టిపడటానికి వారం ఆగాం. ఆ వారంలో మూడు కడ్డీలు మాయమయ్యాయి. పాత ఇనుముకు డబ్బులొస్తాయి, తప్పు మాదే. తర్వాత కడ్డీ పైకి కనిపించకుండా కాంక్రీటు దిమ్మెలోనే ముంచేసి టైలు మాత్రం పైన అతికించాం.

కడ్డీల ఎత్తులు కొలవడానికి టోటల్ స్టేషన్ (దూరాలూ కోణాలూ కొలిచే సర్వే పరికరం) ఒక రోజుకు మనిషితో సహా 4,000 రూపాయలు అయింది. శాటిలైట్ రిసీవర్ చాలని చెప్పినవాళ్లున్నారు. దాని ఎత్తులో 2 సెంటీమీటర్ల దాకా తేడా ఉండొచ్చు. మేం వెతికేది మిల్లీమీటర్లు, కాబట్టి అది పనికిరాదు. టోటల్ స్టేషన్ ఇచ్చిన ఎత్తుల్ని మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో మళ్లీ సరిచూశాం. 12 దిమ్మెల్లో ఒకటి 9 మిల్లీమీటర్లు తేడా చూపించింది. రాసుకోవడంలో అంకెలు తారుమారయ్యాయి. 60 రూపాయల పైపు ఆ రోజు మమ్మల్ని కాపాడింది.

కెమెరా సంగతి. 24 మెగాపిక్సెళ్ల మామూలు కెమెరా, 20 మిల్లీమీటర్ల జూమ్ లేని లెన్సు. దాన్ని పెయింటర్లు వాడే అల్యూమినియం కర్రకు బిగించాం. కర్ర పొడవు 3.6 మీటర్లు. కర్ర మొదలు రేకు బయట నేలకానించి ప్లాటు మీదికి 2 మీటర్లు వాలిస్తే కెమెరా సరిగ్గా 3 మీటర్ల ఎత్తులో ఉంటుంది. రెండు పక్కల నుంచీ తీస్తే 4 మీటర్ల ప్లాటు పూర్తవుతుంది, లోపల అడుగు పెట్టే పనే ఉండదు. ఒక్క అడుగు పడితే ఆ గుంట తర్వాతి కొలతలో కోతలాగే కనిపిస్తుంది. 3 మీటర్ల నుంచి ఒక్కో పిక్సెల్ నేల మీద 0.58 మిల్లీమీటర్లు. ఒక ఫొటో 3.5 మీటర్లకు 2.3 మీటర్లు కప్పుతుంది. ఒకదాని మీద ఒకటి 80 శాతం పడాలంటే దాదాపు అర మీటరుకొక ఫొటో తీయాలి. ఆరు వరుసలు కలిపి 300 పైచిలుకు, వాలుగా తీసినవి మరో 80, మొత్తం ప్లాటుకు దాదాపు 390 ఫొటోలు. ఒక్కో ప్లాటుకు గంటా పది నిమిషాలు పట్టేది. మొదటి రోజు సాయంత్రానికి భుజాలు పైకి లేవలేదు.

జూన్ 10న పరీక్షగా తీసిన ఫొటోలన్నీ పారేశాం. కారణాలు మూడు. మొదటిది గాలి. జూన్, జూలైల్లో అక్కడ గాలి ఎంత గట్టిగా వీస్తుందో అటు వెళ్లినవాళ్లకి తెలుసు, గాలిమరలు ఊరికే పెట్టలేదు. కర్ర కొస సెకనుకు అర మీటరు ఊగుతోందనుకుంటే 1/500 సెకను షట్టరులో కెమెరా ఒక మిల్లీమీటరు కదులుతుంది, అంటే దాదాపు రెండు పిక్సెళ్ల మసక. షట్టరు 1/1000కి, అపెర్చర్ ఎఫ్ 5.6కి, ఐఎస్ఓ 800కి మార్చుకుని, పొద్దున ఎనిమిదిన్నర లోపు ముగించడం నేర్చుకున్నాం. రెండోది ఆటోఫోకస్. ఫోకస్ మారిన ప్రతిసారీ లెన్సు లెక్క మారుతుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం అన్ని ఫొటోలకూ ఒకే లెన్సు అనుకుని లెక్క కడుతుంది. 3 మీటర్లకు ఫోకస్ పెట్టి రింగు మీద టేపు చుట్టేశాం. చెయ్యి వణుకును సరిచేసే సదుపాయం కూడా ఆపేయాలి, అది లోపల లెన్సునో సెన్సరునో కదుపుతుంది. మూడోది పొద్దుటి ఏటవాలు ఎండ. సాళ్ల నీడలు గంటలో జరిగిపోతాయి, మొదటి వరుసకూ ఆఖరి వరుసకూ నేల పోలిక కుదరదు. మబ్బు పట్టిన పొద్దుకు మించిన వెలుతురు లేదు. దానికోసం ఒకసారి మూడు రోజులు, ఇంకోసారి ఐదు రోజులు పొలం దగ్గరే ఎదురుచూశాం.

జూన్ 14న ట్రాక్టరుతో దున్ని, గుంటక తోలి చదును చేశాం. 15న మొదటి కొలత. ఇక్కడ సాఫ్ట్‌వేర్ గురించి ఒక మాట. ఫొటోల నుంచి నేల రూపం కట్టడానికి మేం కొన్న మెటాషేప్ స్టాండర్డ్ ఎడిషన్‌లో కంట్రోల్ పాయింట్లు, అంటే మనం కొలిచిన గుర్తుల ఎత్తులు, ఇచ్చే వీలే లేదు, అది ప్రొఫెషనల్‌లోనే ఉంటుంది. కొనేముందు మేం చూసుకోలేదు. 30 రోజుల ట్రయల్‌తో మొదటి నెల నెట్టుకొచ్చాం. ఆ లోపల ఉచితంగా దొరికే వెబ్‌ఓడీఎం వేసి చూస్తే మా 16 జీబీ ల్యాప్‌టాప్‌లో మెమరీ చాలక రెండుసార్లు మధ్యలో ఆగిపోయింది. చివరికి ప్రొఫెషనల్ లైసెన్సు తీసుకోవాల్సి వచ్చింది. పోలిక చూసే పనికి మాత్రం ఉచితంగా దొరికే క్లౌడ్‌కంపేర్, క్యూజీఐఎస్ చాలు. ఒక్కో ప్లాటుకు రాత్రి పెడితే తెల్లారేసరికి, తొమ్మిది గంటల్లో అయ్యేది. కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి.

మొదటి కొలతలో ప్లాటు నడుమ 22 మిల్లీమీటర్ల ఎత్తున ఉబ్బి కనిపించింది. నేల ఉబ్బలేదు. కెమెరాను నిట్టనిలువుగా కిందికే చూపించి తీస్తే లెన్సు వంపును సాఫ్ట్‌వేర్ సరిగా పట్టుకోలేక, చదునైన నేలను గోపురంలా వంచేస్తుంది. ఈ తప్పు మీద 2014లోనే జేమ్స్, రాబ్సన్ రాసిన వ్యాసం బాగా ప్రసిద్ధం. చదివి కూడా నిర్లక్ష్యం చేశాం. 15 నుంచి 20 డిగ్రీలు వాల్చి తీసిన ఆ 80 ఫొటోలు కలిపితే ఉబ్బు దిగిపోయింది. ఇంకో మార్పు: మెటాషేప్ గుర్తులకు తనంతట తాను 5 మిల్లీమీటర్ల ఖచ్చితత్వం అనుకుంటుంది, దాన్ని మా కొలతకు తగ్గట్టు 2 చేశాం. 12 గుర్తుల్లో 8 లెక్కకు ఇచ్చి, 4 దాచి ఉంచాం. ఆ నాలుగింటి దగ్గర వచ్చిన తేడానే నిజమైన తప్పు. లెక్కకు వాడిన గుర్తుల దగ్గర తప్పు ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది, రిపోర్టుల్లో చాలామంది చూపేది అదే. మాకు దాచిన గుర్తుల దగ్గర ఎత్తులో 3 మిల్లీమీటర్లు తేలింది.

దీని అర్థం నిదానంగా చూడాలి. రెండు కొలతలకూ చెరో 3 మిల్లీమీటర్ల తప్పుంటే, తేడాలో కలిసి 4.2 అవుతుంది. 95 శాతం నమ్మకం కావాలంటే దాన్ని 1.96తో గుణించాలి, 8.3 మిల్లీమీటర్లు. అంతకన్నా చిన్న మార్పును ఒకచోట చూసి ఇది కోత అనలేం. మన దేశంలో సగటు నేల నష్టం ఏడాదికి హెక్టారుకు 16.4 టన్నులని 1983లో వేసిన అంచనా ఇప్పటికీ అందరూ చెబుతారు. ఘనపు సెంటీమీటరుకు 1.45 గ్రాముల సాంద్రత ఉన్న మా నేలలో అది 1.1 మిల్లీమీటర్ల మందం. 8.3 మిల్లీమీటర్లంటే హెక్టారుకు 120 టన్నులు. ఏడాది మొత్తం పొరలా పోయే మట్టి మా కొలత తప్పులోనే మునిగిపోతుంది. విస్తీర్ణం పెద్దదైతే తప్పులు సగటులో కొట్టుకుపోతాయని కొందరంటారు. అడ్డదిడ్డంగా వచ్చే తప్పుల విషయంలో అది నిజమే. ఉబ్బు లాంటి తప్పు ఒకవైపుకే ఉంటుంది, ఎంత సగటు తీసినా పోదు.

జూన్ 24 రాత్రి 41 మిల్లీమీటర్ల వాన. మొదటి ప్లాటులో దాదాపు 1,260 లీటర్ల నీరు కిందికొచ్చింది. తడి నేల మెరుస్తుంది కాబట్టి రెండు రోజులు ఆరనిచ్చి, 27న ఫొటోలు తీశాం. తేడా చూస్తే ప్లాటంతా సగటున 14 మిల్లీమీటర్లు దిగింది. మ్యాపులో ఎక్కడ చూసినా నేల దిగిందని చూపే ఎరుపే, మా 8.3 మిల్లీమీటర్ల హద్దుకు బాగా పైన. 14 మిల్లీమీటర్లను దుక్కి సాంద్రత 1.25తో గుణిస్తే హెక్టారుకు 175 టన్నులు. మొదట చెప్పిన అంకె అదే. 88 చదరపు మీటర్ల ప్లాటు నుంచి టన్నున్నర మట్టి. డ్రమ్ముల్లో ఉన్నది 28 కిలోలు.

డ్రమ్ములే తప్పనుకున్నాం. నిజానికి అక్కడ ఒక తప్పుంది కూడా. నీళ్లు కలియబెట్టి లీటరు సీసాలు ముంచితే ముతక ఇసుక అడుగునే ఉండిపోతుంది. అప్పటి నుంచి పైనీరు తోడేసి, అడుగు మడ్డి మొత్తం ఎత్తి, 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఆరబెట్టి తూయడం మొదలుపెట్టాం. దాంతో అంకె కొంచెం పెరిగింది, అంతే. 28 కిలోలు ఆ తర్వాతి అంకే.

జవాబు పొలం రైతు దగ్గర దొరికింది. మా మ్యాపు చూపిస్తే ఆయన ప్లాటు బయట, అదే రోజు దున్నిన చోట మడమతో నేలను నొక్కాడు. "మన్ను యాడికీ పోలేదు సార్. దుక్కి అణిగింది" అన్నాడు. దున్నిన రోజు పాదం చీలమండ దాకా దిగిన నేల, వాన తర్వాత పైన పలచని పెంకు కట్టి, మడమ గుర్తు కూడా సరిగా పడనంత గట్టిపడింది.

అదృష్టవశాత్తూ దున్నిన రోజు ప్లాటు పక్కన తొమ్మిది రింగులతో మట్టి తీసి సాంద్రత చూసి ఉన్నాం, 1.25. వాన తర్వాత మళ్లీ తీస్తే 1.45. పది సెంటీమీటర్ల దుక్కి 1.25 నుంచి 1.45కి అణిగితే 86.2 మిల్లీమీటర్లవుతుంది. 13.8 మిల్లీమీటర్లు దిగినట్టు. 28 కిలోల కోత 0.2 మిల్లీమీటర్లు. రెండూ కలిపితే 14. ఆ లెక్క కుదిరిన రాత్రి ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. అదే సమయంలో భయం కూడా వేసింది. పక్కన డ్రమ్ములు పెట్టి ఉండకపోతే ఆ 175ని నమ్మి మోడల్‌లో, అంటే ఆ ఆర్‌యూఎస్‌ఎల్‌ఈ సూత్రంలో, పెట్టేవాళ్లం. డ్రోనుతో ఎత్తులు కొలిచి, తేడా తీసి, ఇంత మట్టి పోయిందని చెప్పే పనుల్లో సాంద్రత కొలిచారా లేదా అన్నది ఇప్పుడు మేం మొదట అడిగే ప్రశ్న.

అక్కడి నుంచి పద్ధతి మార్చాం. దున్నిన రోజు నేలను ఆధారంగా తీసుకోవడం మానేసి, మొదటి పెద్ద వానకు అణిగిన నేలనే, అంటే జూన్ 27 కొలతనే మొదలుగా పెట్టుకున్నాం. రెండో మార్పు ఇంకా ముఖ్యమైనది. పాయల ఘనపరిమాణాన్ని రెండు రోజుల ఎత్తుల తేడాతో కాకుండా ఒకే రోజు నేల రూపంతో కొలిచాం. పాయకు రెండు ఒడ్డులూ గుర్తించి, ఒడ్డు నుంచి ఒడ్డుకు గుడ్డ పరిచినట్టు ఒక ఉపరితలం వేసి, దాని కిందున్న ఖాళీ ఎంతో లెక్కపెట్టడం. నేల అణిగితే ఒడ్డూ అడుగూ కలిసే దిగుతాయి కాబట్టి ఆ ఖాళీ పెద్దగా మారదు. గోపురం తప్పు కూడా పది సెంటీమీటర్ల వెడల్పులో కనిపించదు.

జూలై 6న పదును చూసి రెండో, మూడో ప్లాట్లలో గొర్రుతో వేరుశనగ వేశారు. 9న కొలత. జూలై 28న దంతె తోలారు, దాంతో అంతకుముందు పోలికలన్నీ చెల్లిపోయాయి. సేద్యం ఏది జరిగినా ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఫొటోలు తీయాలి. రైతు పని మన కొలత కోసం ఆగదు, ఆగమనడం న్యాయమూ కాదు. అందుకే ఫోన్ రాగానే కదిలేలా ఒక మనిషి ఊళ్లోనే ఉండాలి. ఆగస్టు 2న తీసినవి పైరున్న ప్లాట్లలో ఆఖరి మంచి ఫొటోలు. ఆ తర్వాత ఆకులు కమ్మేశాయి, నేల కనిపించలేదు. పంట తీశాక చూద్దామనుకున్నాం, అదీ కుదరలేదు. అక్టోబర్ 24న చెట్లు పీకి కాయ తీశారు. వేరుశనగ పీకితే నేలంతా తిరగబడుతుంది. జొన్నకో కందికో అయితే మొదళ్లు కోసి నేల చెదరకుండా ఉంచొచ్చు, దీనికి ఆ వీలు లేదు. ముందే ఆలోచించాల్సిన సంగతి.

అయినా మూడో ప్లాటు ఫొటోలు ఒక విషయం చూపించాయి. వాలుకు అడ్డంగా వేసిన సాళ్లలో నీరు నిలిచి ఇంకుతుందని మోడల్ అనుకుంటుంది, అందుకే ఆ ప్లాటుకు తక్కువ కోత లెక్కేస్తుంది. జూలై నెల నడుమ ఒక వానకు 13వ మీటరు దగ్గర నీరు ఒక బోదె తెంచుకుని, కింది ఐదు సాళ్లనూ వరసగా కోసుకుంటూ పోయింది. జూలై 9 నాటి నేల రూపం తీసి చూస్తే, సరిగ్గా అక్కడ బోదె మిగతా చోట్లకన్నా 18 మిల్లీమీటర్లు పల్లంగా ఉంది. గొర్రు తోలేటప్పుడు ఎద్దు తడబడిందో ఏమో. ఆ ఒక్క పల్లం ఆ వానలో ఆ ప్లాటు కోతను నిర్ణయించింది. సీజన్ మొత్తానికి డ్రమ్ముల్లో వాలు వెంబడి వేసినదాంట్లో 71 కిలోలు, అడ్డంగా వేసినదాంట్లో 38 కిలోలు. అడ్డసేద్యం మేలు చేసింది, బోదె తెగకపోతే ఇంకా చేసేది.

ల్యాబు కథ కూడా చెప్పాలి. నేల స్వభావాన్ని సూచించే కె విలువకు రేణువుల పరిమాణాలు కావాలి. జూన్‌లో పంపిన మట్టికి 24 రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది, ఇసుక, ఒండ్రు, బంకమన్ను మూడే శాతాలు. కె పట్టికకు 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల అతి సన్న ఇసుకను విడిగా చూపాలి, దాన్ని ఒండ్రుతో కలిపి లెక్కవేస్తారు. మేం ఆ మాట అడగలేదు, వాళ్లు చేయలేదు. మళ్లీ పంపి మళ్లీ డబ్బు కట్టి మరో 19 రోజులు ఆగాం. వానమాపకం కూడా మామూలు గ్లాసుది చాలదు. గంటల తరబడి పడిన వానలో అత్యధికంగా కురిసిన 30 నిమిషాల తీవ్రత కావాలి కాబట్టి సమయం నమోదు చేసేది కావాలి. 12.7 మిల్లీమీటర్ల లోపు వానల్ని, 15 నిమిషాల్లో 6.35 మిల్లీమీటర్లు దంచి కొడితే తప్ప, సూత్రం లెక్కలోకి తీసుకోదు.

డ్రోను కూడా ఒకరోజు ఎగరేశాం. 20 మీటర్ల ఎత్తు నుంచి ఒక్కో పిక్సెల్ 7 మిల్లీమీటర్లు వచ్చింది, 3 సెంటీమీటర్ల లోతు పాయలు మసకగా గీతల్లా కనిపించాయి. వంకల గండ్లు, అర మీటరు లోతున కోసుకుపోయిన గట్లు కొలవడానికి డ్రోనే సరైనది. ఈ పనికి కర్రే మేలు.

సెప్టెంబర్ 29న మొదటి ప్లాటు ఆఖరి కొలత. కలుపు చేత్తో పీకాల్సి వచ్చింది, రేకుల మీద పలక వేసుకుని దాని మీద పడుకుని. జూన్ 27 కొలతలో గుర్తించదగ్గ పాయలు లేవు. ఇప్పుడు మొత్తం 28.5 మీటర్ల పొడవున పాయలున్నాయి. వెడల్పు 6 నుంచి 12 సెంటీమీటర్లు, లోతు 2 నుంచి 4. సగటు అడ్డుకోత 16 చదరపు సెంటీమీటర్లు, ఖాళీ 45.6 లీటర్లు, బరువులో 66 కిలోలు. అదే మూడు నెలల్లో డ్రమ్ముల్లో చేరింది 140 కిలోలు, హెక్టారుకు 15.9 టన్నులు. అంటే పాయల వాటా 47 శాతం. ఒక సవరణ: కింది మూలన తొట్టికి ముందే 13 కిలోల ఇసుక మేట వేసింది. దాన్ని కూడా మొత్తంలో కలిపితే వాటా 43 శాతం. కాబట్టి 43 నుంచి 47 మధ్య అని రాసుకున్నాం. పొరగా పోయినదాన్ని ఫొటోల్లో వెతకలేదు. ఎందుకంటే ఆఖర్న సాంద్రత 1.47కి చేరింది, ఆ కాస్త అణగడమే 1.2 మిల్లీమీటర్లు. మొత్తం కోత 1.1 మాత్రమే.

నవంబర్‌లో మోడల్ లెక్క. 3 శాతం వాలుకు సూత్రం పాయలకూ పొరకూ నిష్పత్తి 0.45 అనుకుంటుంది, పాయల వాటా 31 శాతం, ఘాతం 0.31. పాయలు తేలిగ్గా పడే నేలలకు ఆ నిష్పత్తిని రెట్టింపు చేసుకోమంటుంది, అప్పుడు ఘాతం 0.47 అవుతుంది. మా కొలత రెండోదానికే దగ్గర. 22 మీటర్ల ప్లాటులో దీనివల్ల తేడా ఏమీ రాదు. 100 మీటర్ల పొడవున్న చేనులో వాలు పొడవు గుణకం 1.60 నుంచి 2.05కి పెరుగుతుంది, అంచనా వేసే కోత 28 శాతం ఎక్కువ. గట్లు ఎంత దూరానికొకటి వేయాలన్న లెక్కను ఇది నేరుగా మారుస్తుంది. ఇది ఒక నేల, ఒక వాలు, ఒక సీజన్. ఆ నిష్పత్తిని రెట్టింపు చేయమని జిల్లా మొత్తానికి మేం చెప్పడం లేదు.

ఖర్చులో మనుషుల కూలీ, ప్రయాణాలే సగానికి పైన. కర్ర 1,400, దూరం నుంచి నొక్కే మీట 600, టైళ్లు కడ్డీలు సిమెంటు 2,100. చవగ్గా దొరికిన సామాన్లు ఇవే, ఎక్కువ ఉపయోగపడ్డవీ ఇవే. 16 రోజులు ఫొటోలకు, మబ్బు కోసం ఎదురుచూసినవి అవి కాక ఇంకో 11.

దిమ్మెలు అలాగే ఉంచాం. టైళ్ల మీద పెయింటు చెడకుండా మట్టి కుండ మూకుళ్లు బోర్లించి, చుట్టూ రాళ్లు పేర్చాం. వచ్చే జూన్‌లో దుక్కి దున్నకముందు నీళ్ల పైపుతో 36 దిమ్మెల ఎత్తులూ మళ్లీ సరిచూడాలి. పైరున్న ప్లాట్లలో ఒకదాంట్లో ఈసారి కంది వేస్తానని రైతు ఒప్పుకున్నాడు.